వెలగని తెర: తెలుగునాట టీవీ మరమ్మతు వృత్తి – జ్ఞానం, పదజాలం

వ్యాస సంగ్రహం:
తెలుగునాట టెలివిజన్ చరిత్ర ప్రధానంగా ప్రసారాల చరిత్రగానే నమోదైంది. మీట నొక్కినా వెలగని సెట్టును కేంద్రంగా తీసుకొని, 1975 నుంచి నేటివరకు దాన్ని బాగుచేసే బాధ్యత ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చిందో, ఆ పనిలో ఏ విధమైన జ్ఞానం, ఏ పదజాలం రూపుదిద్దుకున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'పోయింది' అనే ఒక్క క్రియను పలు అర్థాలుగా విడదీసి చూడటమే మెకానిక్ పనిలోని సారమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: టెలివిజన్, మరమ్మతు, వృత్తి పదజాలం, సైట్ ప్రయోగం, సీరీస్ బల్బు, మెకానిక్

ఉపోద్ఘాతం

టెలివిజన్‌పై తెలుగులో జరిగిన పరిశోధన చాలావరకు తెరమీద ఏం కనబడిందన్న ప్రశ్నతో మొదలవుతుంది. వార్తల భాష, ధారావాహికల్లో స్త్రీ పాత్రల చిత్రణ, ప్రకటనల ప్రభావం వంటివి విశ్వవిద్యాలయ శాఖల్లో స్థిరపడిన అంశాలు. ఆ తెర అసలు వెలగని రోజున ఇంట్లో ఏం జరిగేది, సెట్టును ఎవరి దగ్గరికి మోసుకుపోయేవారు, ఆ మనిషికి ఏం తెలుసు, తెలిసినదాన్ని ఏ మాటల్లో చెప్పేవాడు అన్నవి అంతగా చర్చకు రాలేదు.

సాంకేతికతను కనిపెట్టినవారి చరిత్రగా కాక వాడినవారి చరిత్రగా చూడాలన్న వాదం బయట చాలాకాలంగా ఉంది. 2006లో డేవిడ్ ఎడ్జర్టన్ 'ద షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో నిర్వహణకూ మరమ్మతుకూ చరిత్రలో దక్కవలసిన స్థానాన్ని గుర్తుచేశాడు. కుట్టుమిషను, సైకిలు, టైపురైటరు, బియ్యపుమిల్లు భారతీయుల రోజువారీ జీవితంలోకి వచ్చిన తీరును డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువడిన 'ఎవ్రీడే టెక్నాలజీ'లో వివరించాడు. ఆర్నాల్డ్ పరిశీలించిన కాలానికి టీవీ ఇంకా రాలేదు. టీవీ విషయంలో ఆ పని చేయడానికి కావలసిన ఆధారాలు గ్రంథాలయాల్లో కంటే అంగళ్ళ బల్లలమీద ఎక్కువగా ఉన్నాయి.

ఇది సాహిత్య విద్యార్థి పరిధిలోని విషయం కాదని అనిపించవచ్చు. కాని వృత్తుల భాషను సేకరించడం తెలుగు అధ్యయనంలో కొత్త పని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో 'మాండలిక వృత్తి పదకోశం' తొలి సంపుటాన్ని వ్యవసాయంపై వెలువరించింది. చేనేతకు సంబంధించిన సంపుటం 1971లో వచ్చింది. సైట్ ప్రయోగంతో టీవీ తెలుగు పల్లెల్లో అడుగుపెట్టింది ఆ తరువాత నాలుగేళ్ళకు. తరతరాలుగా వస్తున్న వృత్తుల మాటలను పోగుచేయడం ఆ కోశాల ఆశయం కనుక, కళ్ళముందే పుట్టి ఒక్క తరంలోనే వన్నె తగ్గిన ఈ వృత్తికి ఆ వరుసలో చోటు దక్కలేదు. రైతు మాట, సాలె మాట భద్రపడ్డాయి. టీవీ మెకానిక్ మాట గాలిలోనే ఉంది.

సైట్ ప్రయోగం: ప్రభుత్వ బాధ్యతగా మరమ్మతు

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. తెలుగు పల్లెలు దాన్ని చూసింది 1975 ఆగస్టు 1న ప్రారంభమై 1976 జూలై 31 వరకు సాగిన 'సైట్' ప్రయోగంలో. నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హిందీ, కన్నడం, ఒడియాలతోపాటు తెలుగు కూడా ప్రసార భాష అయింది.

ఈ ప్రయోగంలో సెట్టుకున్న ప్రాధాన్యాన్ని ప్రసార చరిత్రలు తక్కువగా చెబుతాయి. ఉపగ్రహం నుంచి నేరుగా సంకేతాన్ని అందుకోవడానికి కోళ్ళగూళ్ళకు వాడే ఇనుపవలతో సుమారు 3 మీటర్ల వెడల్పున్న గిన్నె ఏంటెన్నాలు తయారుచేశారు. సెట్లను నిర్మించింది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్. అణుశక్తి శాఖ కింద 1967లో ఏర్పడిన ఈ సంస్థకు తొలి సారథి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు. తరువాతి కాలంలో ఇదే సంస్థ 'ఈసీ టీవీ' పేరుతో ఇళ్ళకు కూడా సెట్లు అమ్మింది. నగరంలో ఆయన పేరిట వెలసిన ఏఎస్ రావు నగర్ నేడు అందరికీ తెలిసిన పేటే. ఆ పేరుకూ ఒకప్పుడు పల్లె బడి వరండాలో వెలిగిన టీవీకీ ఉన్న సంబంధం మాత్రం అంతమందికి తెలియదు.

బడిలోనో పంచాయతీ కార్యాలయంలోనో పెట్టిన ఆ సెట్టు ఎవరి సొంతమూ కాదు. దాని తాళం ఒక సంరక్షకుడి దగ్గర, తరచుగా బడిపంతులు దగ్గర, ఉండేది. సాయంత్రం అది వెలగకపోతే ఊరిలో ఎవరూ దాని వెనకమూత విప్పే ప్రసక్తి లేదు. కబురు మరమ్మతు కేంద్రానికి చేరాలి, అక్కడినుంచి సాంకేతికుడు బండిలో రావాలి. ఇంజనీర్ల దృష్టిలో ఇది రవాణాకు, విడిభాగాల సరఫరాకు, సమయానికి సంబంధించిన సమస్య. ఊరివారి దృష్టిలో అది ఎదురుచూపు. ఆ యంత్రం పోవడం, రావడం రెండూ తమ చేతిలో లేనివి. అదే కాలంలో కొలంబోలో రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఇంటికి కూడా మన ఇంజనీర్లు వెళ్ళి ఒక సైట్ సెట్టును అమర్చి వచ్చారు. అంతరిక్ష యుగాన్ని ముందే ఊహించిన మనిషి కూడా ఆ తెర వెలగాలంటే అహ్మదాబాదు వారిమీదే ఆధారపడవలసి వచ్చింది.

ఒప్పందం ముగియగానే 1976 జూలై చివర ఉపగ్రహం వెనక్కి మళ్ళింది. లోపల ఏ భాగమూ చెడకుండానే సెట్లు చీకటిపడ్డాయి. మరమ్మతు చరిత్రలో ఇది వింత ఘట్టం. బాగున్న యంత్రాన్ని బాగుచేయడం ఎవరికీ చేతకాదు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం పనిచేయడం మొదలయ్యాక ఆ ప్రాంతంలోని గ్రామాలకు నేలమీది ప్రసారాల ద్వారా కొంత కొనసాగింపు లభించింది.

వరుసలో ఒకటి ఆరితే

నగరాల్లో, పట్టణాల్లో సొంతంగా టీవీ కొన్నవారి కథ వేరు. 1970లలో మార్కెట్లోకి వచ్చిన నలుపు-తెలుపు సెట్లలో చాలావాటిలో వాల్వులు, ట్రాన్సిస్టర్లు కలిసి ఉండేవి. వాల్వు లోపల సన్నని తీగ ఎర్రగా కాగితేగాని అది పనిచేయదు. ఈ తీగలన్నిటినీ ఒకదాని వెనక ఒకటిగా ఒకే వరుసలో కలిపి నేరుగా ఇంటి కరెంటుకు తగిలించడం ఆ సెట్ల నిర్మాణ పద్ధతి. పీఎల్ 504, పీసీఎల్ 805 వంటి వాల్వుల పేర్లలో మొదటి అక్షరమైన 'పి' చెప్పేది అదే: ఈ వాల్వు 300 మిల్లీ ఆంపియర్ల వరుసలో కూర్చునేది అని.

పెళ్ళిపందిరికి కట్టే సీరియల్ బల్బులు చూసినవారికి ఇందులోని చిక్కు వెంటనే అర్థమవుతుంది. ఒక్క బల్బు పోతే తోరణమంతా ఆరిపోతుంది. అలాగే ఒక్క వాల్వు తీగ తెగితే మిగిలినవన్నీ నిక్షేపంగా ఉన్నా సెట్టు చల్లగా, మౌనంగా పడి ఉంటుంది. మొత్తం చీకటిగా కనిపించే సెట్టులో చెడింది ఒక చిన్న తీగ. మొదటితరం మెకానిక్ నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. మీటరు ముళ్ళతో వాల్వు కాళ్ళను ఒక్కొక్క జతగా తాకుతూ పోతే, సూది కదలని చోట దోషం దొరుకుతుంది.

ఈ మెకానిక్కుల్లో చాలామంది రేడియో బాగుచేసే పనినుంచి వచ్చినవారే. 'రేడియో రిపేర్లు' అని ఉన్న బోర్డుమీద కొత్తగా 'టీవీ' చేరింది. ఐటీఐలలో 'మెకానిక్ రేడియో అండ్ టీవీ' అనే ట్రేడు ఉండేది. దానితోపాటు తపాలా కోర్సులు, అంగట్లో శిష్యరికం కూడా ఈ వృత్తికి దారులయ్యాయి. శిష్యరికంలో నెలల తరబడి స్క్రూలు విప్పడం, దుమ్ము దులపడం, కాలిన భాగాలను ఊడదీయడమే పని. చూస్తూ నేర్చుకున్నది ఎక్కువ, చెప్పగా నేర్చుకున్నది తక్కువ. ఈ జ్ఞానం రాతలోకి రాకపోవడానికి అదొక కారణం.

12 వోల్టులతో నడిచే చిన్న నలుపు-తెలుపు సెట్లు 1980లలో వ్యాపించాయి. కరెంటు సరిగాలేని ఊళ్ళలో వాటిని కారు బ్యాటరీకి తగిలించి చూసేవారు. సర్క్యూటు సులువు, భాగాల ధర తక్కువ. ఎందరో మెకానిక్కులు చేయి తిప్పుకున్నది వాటిమీదే.

రంగుల సెట్టు, వీధి మెకానిక్

1982లో స్వాతంత్ర్య దినోత్సవ ప్రసారంతోనూ, అదే ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగిన ఆసియా క్రీడలతోనూ రంగుల ప్రసారాలు వచ్చాయి. 1984లో తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లను కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున నెలకొల్పడంతో దూరదర్శన్ చిన్న పట్టణాలకు చేరింది. 1987 జనవరిలో మొదలైన 'రామాయణ్' ఆదివారం ఉదయాన్ని వీధిమొత్తానికి ముహూర్తంగా మార్చింది. టీవీ ఉన్న ఇంట్లో ఇరుగుపొరుగువారు చేరే ఆ వేళకు సెట్టు వెలగకపోవడం ఒక యంత్రదోషంతో ఆగేది కాదు, ఆ ఇంటికి అది నామోషీ. మెకానిక్ బల్లమీద శనివారానికి ఉన్న బరువును ఈ నేపథ్యంలో చూడాలి.

రంగుల సెట్టులో చీకటికి కారణాలు పెరిగాయి. గోడనుంచి వచ్చే 230 వోల్టుల కరెంటు స్విచ్చు, ఫ్యూజు దాటి నాలుగు డయోడ్లగుండా ఏకదిశ కరెంటుగా మారి, పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలుస్తుంది. అక్కడినుంచి 'ఎస్ఎంపీఎస్' అనే భాగం దాన్ని వేగంగా కోసి, సెట్టుకు కావలసిన 110 వోల్టులనో, ఆ దరిదాపుల్లోని మరో విలువనో అందిస్తుంది. ఆ వోల్టేజి హారిజాంటల్ ట్రాన్సిస్టరుకు, దాని ద్వారా 'ఎల్ఓటీ' అని పిలిచే ట్రాన్స్‌ఫార్మరుకు చేరితే పిక్చర్ ట్యూబుకు కావలసిన సుమారు 25,000 వోల్టులు పుడతాయి. ఈ దారిలో ఎక్కడ తెగినా ఇంటివారికి కనబడేది ఒకే దృశ్యం: వెలుగు లేదు, శబ్దం లేదు. అంగడి భాషలో ఇది 'డెడ్ సెట్'.

మెకానిక్ పరీక్ష కంటితో, ముక్కుతో మొదలవుతుంది. గాజు ఫ్యూజు లోపల తీగ మధ్యలో మామూలుగా తెగి ఉంటే అది అలసిపోయి తెగినదని అనుమానిస్తారు. గాజు నల్లబడి, లోపల లోహపు పూత పరచుకొని ఉంటే తరువాత ఎక్కడో గట్టి షార్టు ఉందని అర్థం. అలాంటప్పుడు కొత్త ఫ్యూజు వేయడం వృథా, అదీ క్షణంలో పోతుంది. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టిన ఇళ్ళ సెట్లలో ఈ సాక్ష్యం కూడా ఉండదు. పైగా దోషం లోపలికి పాకి ఉంటుంది.

తరువాతి మెట్టు సీరీస్ బల్బు. ఈ వృత్తి జ్ఞానాన్ని ఒక్క వస్తువులో చూపవలసివస్తే దాన్నే చూపాలి. చెక్కముక్కమీద ఒక హోల్డరు, ఒక సాకెట్టు, 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఉంటాయి. బల్బుకు వరుసలో సెట్టును కలిపి కరెంటు ఇస్తారు. బల్బు పూర్తి కాంతితో వెలిగి అలాగే నిలిస్తే లోపల షార్టు. ఒకసారి మెరిసి మందగిస్తే పెద్ద కెపాసిటరు నిండింది, షార్టు లేదు. అసలు వెలగకపోతే దారి మొదట్లోనే తెగింది. రంగుల సెట్టులో తెరమీది అయస్కాంత మచ్చలను తుడిచే తీగచుట్ట ఒకటి ఉంటుంది. మీట వేయగానే అది కొన్ని క్షణాలు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక బల్బు మందగించడానికి మరికొంత సమయం పడుతుంది. ఆ క్షణాల తేడాను పట్టుకోవడం అనుభవం. ఎన్నో సెట్లు చూసిన కన్ను ఆ కాంతి తగ్గే వేగాన్నిబట్టి దోషం దిక్కును ఊహిస్తుంది.

బల్బు మరో మేలు కూడా చేస్తుంది. షార్టు ఇంకా మిగిలి ఉంటే ఆ భారం బల్బుమీద పడుతుందిగాని కొత్తగా వేసిన బీయూ 208 మీదో బీయూ 508 మీదో పడదు. మార్చిన ట్రాన్సిస్టరు రెండోసారి కాలితే దాని ఖరీదు ఇంటివారిని అడగడం కుదరదు, అంగడివాడే భరించాలి. ఖరీదైన పరికరాలు కొనలేని వృత్తి తన నష్టభయంలోంచి కల్పించుకున్న సాధనమిది. ఎల్ఈడీ బల్బులు వచ్చాక ఫిలమెంటు బల్బు ఇళ్ళనుంచి దాదాపు తప్పుకుంది. మరమ్మతు బల్లమీద మాత్రం కాంతి కోసం కాక సమాచారం కోసం ఇప్పటికీ వెలుగుతోంది.

ఆపైన జరిగేది దారిని రెండుగా చీల్చడం. పెద్ద కెపాసిటరుమీద 300 వోల్టులు ఉంటే అక్కడివరకు క్షేమం. తరువాతి వోల్టేజి లేకపోతే దోషం ఎస్ఎంపీఎస్‌దా, దాన్ని వాడుకునే హారిజాంటల్ భాగానిదా అన్నది తేలాలి. హారిజాంటల్ ట్రాన్సిస్టరును ఊడదీసి దాని స్థానంలో మరో బల్బును భారంగా కలుపుతారు. బల్బు వెలిగి వోల్టేజి నిలబడితే ఇచ్చేచోటు బాగుంది, పుచ్చుకునేచోటు చెడింది. నిలబడకపోతే ఎస్ఎంపీఎస్ లోనే వెతకాలి. మొత్తం సర్క్యూటు పటం దగ్గర లేకపోయినా ఈ రెండు ప్రశ్నలతో వెతకవలసిన జాగా పిడికెడంతకు తగ్గిపోతుంది. తర్కశాస్త్రంలో ఇలాంటి విభజనకు పేర్లున్నాయి. అంగట్లో దానికి పేరు లేదు, అలవాటు ఉంది.

కొన్ని దోషాలు మీటరుకు అందవు. కదిలిస్తే వెలిగి, వదిలేస్తే ఆరే సెట్టులో సోల్డరు అతుకు కంటికి కనబడనంత సన్నగా చీలి ఉంటుంది. బరువైన, వేడెక్కే ఎల్ఓటీ కాళ్ళ దగ్గర ఇది మామూలు. టీవీ నెత్తిన చరిచి బాగుచేసే ఇంటివారిని ఎగతాళి చేయడం పరిపాటిగాని, స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడితో బోర్డును అక్కడక్కడ మెల్లగా తట్టే మెకానిక్ చేసేదీ అదే జాతి పని. ఎక్కడ తడితే తెర ఉలిక్కిపడుతుందో అక్కడ సోల్డరు మళ్ళీ వేస్తాడు. తెరకు దగ్గరగా ముంజేయి పెట్టి, వెంట్రుకలు నిక్కబొడిస్తే అధిక వోల్టేజి వచ్చిందని తేల్చుకోవడం మరో పద్ధతి. శరీరమే పరికరమైన ఈ పనిలో ప్రమాదం కూడా శరీరానికే. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటరులో కరెంటు నిలిచి ఉంటుంది, చాలా సెట్ల లోపలి లోహభాగం నేరుగా ఇంటి కరెంటుతో కలిసి ఉంటుంది. టెస్టరు పెట్టి చూడకుండా చేయి పెట్టనివ్వకపోవడం శిష్యుడికి అందే తొలి హెచ్చరిక.

సెట్టు బయటి కారణాలను కూడా ఇక్కడ చెప్పాలి. సాయంత్రం పడిపోయే వోల్టేజిని తట్టుకోవడానికి టీవీ పక్కన స్టెబిలైజరు తెలుగిళ్ళలో తప్పనిసరి వస్తువైంది. అంతకంటే దారుణం న్యూట్రల్ తీగ తెగడం. స్తంభందగ్గర న్యూట్రల్ పోతే కొన్ని ఇళ్ళకు 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. అప్పుడు ఒకే రాత్రి ఒకే వీధిలోని సెట్లు వరుసగా చీకటిపడతాయి. మర్నాడు అంగడిముందు చేరిన సెట్లనుబట్టి ఏ స్తంభం దగ్గర ఏం జరిగిందో మెకానిక్ చెప్పగలడు. ఊరి విద్యుత్తు చరిత్రకు అతని రిపేరు పుస్తకం ఒక ఆధారపత్రం. అలాంటి పుస్తకాలను చరిత్రకారులు ఇంకా అడగలేదు.

'పోయింది' అనే మాట

అంగడికి వచ్చినవారు చెప్పేది సాధారణంగా ఒకే మాట: టీవీ పోయింది. తెలుగులో 'పోవు' ధాతువుకున్న విస్తృతి ఇక్కడ గమనించదగినది. కరెంటు పోయింది అంటే మళ్ళీ వస్తుంది. ఫ్యూజు పోయింది అంటే అది రాదు, దాని స్థానంలో మరొకటి వస్తుంది. మనిషి పోయాడు అంటే ఇక రావడమన్నది లేదు. తాత్కాలికమైన లేమి, మార్చదగిన నష్టం, తిరిగిరాని మరణం, ఈ మూడింటినీ ఒకే క్రియ మోస్తుంది. ఇంటివారు మూడింటినీ కలిపి 'టీవీ పోయింది' అంటారు. ఆ మాటలో ఆందోళన ఉంటుందిగాని నిర్ణయం ఉండదు. 'ఏం పోయింది?' అన్నది మెకానిక్ ప్రశ్న. అతని పనంతా ఆ ఒక్క క్రియకు కర్తను వెతకడమే. డయోడు పోయిందా, ట్రాన్సిస్టరు పోయిందా, పిక్చర్ ట్యూబు పోయిందా అన్నది తేలిన తరువాతగాని ఇంటివారి 'పోయింది' ఏ అర్థంలోదో తేలదు.

మిగిలిన ఫిర్యాదులలోనూ ఇంటిమాట, అంగడిమాట అనే రెండు పొరలున్నాయి. బొమ్మ ఉంది శబ్దం లేదు, శబ్దం ఉంది బొమ్మ లేదు, బొమ్మ తిరుగుతోంది, చుక్కలు వస్తున్నాయి అన్నవి ఇంటిమాటలు. తెరమధ్య అడ్డంగా ఒక్క గీత మిగిలితే ఇంటివారు 'గీత పడింది' అంటారు. మెకానిక్ దాన్ని వినగానే 'వర్టికల్ పోయింది' అని అనువదించుకుంటాడు. ఈ అనువాదం యంత్రాన్ని చూడకముందే జరుగుతుంది. తెరను, చిత్రాన్ని కలిపి 'బొమ్మ' అనడం సినిమాహాలునుంచి ఇంట్లోకి నడిచివచ్చిన వాడుక.

అంగడిమాటలు స్థూలంగా ఇంగ్లీషు నామం, తెలుగు క్రియల కలయిక. షార్టయింది, వీకయింది, ఓపెనయింది. చివరిదానిలో ఒక తమాషా ఉంది. వాడుకలో తెరిచి ఉండటం దారి ఉండటానికి గుర్తు. మెకానిక్ భాషలో ఓపెన్ అంటే దారి తెగిందని. కాయిల్ ఓపెన్ అన్న మాట విని ఊరటపడే ఇంటివారికి మెకానిక్ మళ్ళీ విడమరచి చెప్పవలసిందే. భాగాల దుస్థితిని చెప్పే క్రియలు మాత్రం అచ్చంగా ఇంటివే. రెసిస్టరు మాడిపోతుంది, కెపాసిటరు ఉబ్బుతుంది, ఐసీ పగులుతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. వంటింటినుంచి మాడటం, ఒంటినుంచి ఉబ్బటం వచ్చి చేరాయి. పాఠ్యపుస్తకాలు 'టంకం' అన్నదాన్ని అంగడి 'సోల్డరు' అనే అంటుంది, అది సరిగా అంటుకోకపోతే మాత్రం 'పట్టలేదు' అంటుంది. పాలుపోసిన చెట్టు పట్టడం, రంగు బట్టకు పట్టడం అన్న వాడుకలకు ఇది దగ్గర చుట్టం.

పని పేరు కూడా మూడు అంచులుగా ఉంది. ఉర్దూ ద్వారా వచ్చిన అరబీ మూలపు 'మరమ్మతు' ప్రభుత్వ ప్రకటనల్లో, పత్రికల్లో నిలిచింది. 'రిపేరు' బోర్డుమీద, బిల్లుమీద ఉంటుంది. నోటిమాటలో ఇద్దరూ వాడేది 'బాగుచేయడం'. రోగికి నయమైతే 'బాగయ్యాడు' అనడం, సెట్టు వెలిగితే 'బాగయింది' అనడం ఒకే మాటతో సాగుతాయి. మెకానిక్ చేయిమీద ఇంటివారికుండే నమ్మకంలో వైద్యుడిమీది నమ్మకపు ఛాయ ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. వైద్యుడిమీది అనుమానపు ఛాయ కూడా అంతే ఉంది. బాగున్న భాగాన్ని తీసేసుకున్నాడేమోనన్న శంక సెట్టును అంగట్లో వదిలివచ్చే ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే మార్చిన పాత భాగాన్ని కాగితంలో చుట్టి తిరిగి ఇవ్వడం మంచి అంగళ్ళ మర్యాద.

బోర్డు మార్చడం

పలచని తెరల రాకతో ఈ శతాబ్దపు మొదటి రెండు దశాబ్దాల్లో పిక్చర్ ట్యూబు సెట్టు కనుమరుగైంది. కొత్త సెట్టులో విడిభాగాలు ఇసుకరేణువులంత చిన్నవయ్యాయి. సర్క్యూటు పటాలు మెకానిక్కుకు అందడం తగ్గింది. వెలగని సెట్టుకు కంపెనీ ప్రతినిధి చెప్పే పరిష్కారం చాలాసార్లు బోర్డు మార్చడం. తెర చెడితే దాని ఖరీదు కొత్త సెట్టు ఖరీదుకు దగ్గరగా వస్తుంది. 'ప్యానెల్ పోయింది' అన్న వాక్యంలో 'పోవు'కు మిగిలింది మూడో అర్థం ఒక్కటే. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి విడిభాగాల బజార్లలో ఒకప్పుడు ట్రాన్సిస్టరు నంబరు చెప్పి అడిగేవారు, ఇప్పుడు సెట్టు నమూనా సంఖ్య చెప్పి బోర్డు అడుగుతారు. ప్రశ్న మారింది. ఎక్కడ తెగిందన్నది పాత ప్రశ్న, ఏది మార్చాలన్నది కొత్తది.

వినియోగదారులకు మరమ్మతు హక్కు ఉండాలన్న చర్చ ఈ దశలోనే విధాన స్థాయికి చేరింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఇందుకోసం ఒక కమిటీని నియమించింది, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభమైంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణపై కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ చర్చలో వినియోగదారుడు ఉన్నాడు, కంపెనీ ఉంది, పర్యావరణం ఉంది. వీధి చివర అంగట్లో కూర్చున్నవాడు ఎక్కువగా 'మూడో పక్షం'గానే కనబడతాడు. అతనికి కావలసింది సర్క్యూటు పటం, విడిభాగం. అతని దగ్గర ఉన్నది నాలుగు దశాబ్దాలకు పైబడిన అనుభవం. మొదటిది ఇమ్మని అడిగేవారున్నారు, రెండోదాన్ని రాసిపెట్టమని అడిగేవారు లేరు.

అయితే పాత విద్య పూర్తిగా అక్కరకు రాకుండా పోలేదు. పలచని సెట్టులో చాలా తరచుగా వచ్చే దోషం ఒకటి ఉంది. ఎర్రదీపం వెలుగుతుంది, శబ్దం వస్తుంది, తెర నల్లగా ఉంటుంది. ఇంటివారు ప్యానెల్ పోయిందనుకుంటారు. మెకానిక్ గదిలో లైటు ఆర్పి, టార్చి వెలుగును తెరమీద ఏటవాలుగా వేసి దగ్గరగా చూస్తాడు. ఆ నలుపులో బొమ్మ మసకగా కదులుతూ ఉంటే ప్యానెల్ క్షేమం, వెనకనుంచి దానికి వెలుగునిచ్చే ఎల్ఈడీలు ఆరిపోయాయి. ఆ ఎల్ఈడీలు పట్టీలమీద ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కటి తెగితే ఆ వరుసంతా ఆరుతుంది. 1970ల వాల్వు సెట్టును చీకటిచేసిన పద్ధతే అర్ధశతాబ్దం తరువాత కొత్త వస్తువులో తిరిగివచ్చింది.

పట్టీలదాకా చేరడం మాత్రం తేలిక కాదు. కాగితమంత పలచని గాజుతెరను, దాని అంచునుంచి వేలాడే సన్నని రిబ్బన్లు చిరగకుండా, ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టుకొని ఎత్తి పక్కన పరచిన దుప్పటిమీద పెట్టాలి. తరువాత తెల్లని పొరలను ఒక్కొక్కటిగా, వేలిముద్ర పడకుండా తీయాలి. అడుగున పట్టీలు కనబడతాయి. మెకానిక్ టెస్టరు ముళ్ళతో ఒక్కొక్క ఎల్ఈడీని తాకుతూ పోతాడు. ఇది వెలిగింది, ఇది వెలిగింది, ఇది వెలగలేదు.